కుడివైపు గ్లాసు

మా రమణమ్మత్త మీద నాకు ఎంత ప్రేమ ఉందో అంత కోపమూ ఉంది. మార్కాపురంలో పలకల యూనిట్ పెట్టి పన్నెండేళ్ళయింది. గని దగ్గర రాయి చూసుకోవడం నుంచి పలకకు చెక్క చట్రం బిగించేదాకా అన్నీ ఆమే. లైసెన్సు ఆమె పేరు, కరెంటు మీటరు ఆమె పేరు. కానీ బేరానికి ఎవరైనా వస్తే చాలు, కుర్చీలో నిత్యానందం మామ కూర్చుంటాడు, ఆమె టీ తెస్తుంది.

మామ బంగారం లాంటి మనిషి. రెండు గేదెలూ, సాయంత్రం భజనా తప్ప ఆయనకు ఇంకేం పట్టదు. అయితే మొదట్లో వచ్చిన వ్యాపారులు "సార్ లేరా అమ్మా?" అని అడిగి, అత్తతో బేరమాడకుండానే వెళ్ళిపోయేవారు. దాంతో ఆమె ఒక ఏర్పాటు చేసింది. మామకు తెల్లచొక్కా తొడిగి కూర్చోబెట్టింది. బేరం తనకు నచ్చితే టీ గ్లాసు ఆయన కుడివైపు పెడుతుంది, అప్పుడు సరేననాలి. ఎడమవైపు పెడితే కుదరదనాలి. యూనిట్ పన్నెండేళ్ళూ అలాగే నడిచింది. మామ ఒక్కసారి కూడా పొరబడలేదు, పాపం.

ఇక నేను. పేరు ఝాన్సీ, నోరు కూడా అంతే అంటారు. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడుపుతూ, మా ఆడవాళ్ళ యూనిట్ల సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. అంగన్‌వాడీలకు కొనే పలకల్లో కొంత వాటా ఆడవాళ్ళ యూనిట్లకు ఇవ్వండని మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాను. "పేరు ఆడవాళ్ళది, నడిపేది మగవాళ్ళు. మాకు తెలీదా అమ్మా?" ఏ టేబుల్ దగ్గరకు పోయినా ఇదే మాట. చివరికి ఒక షరతు పెట్టి ఒప్పుకున్నారు. అధికారి స్వయంగా వచ్చి చూసి, యూనిట్ నిజంగా ఆడమనిషిదేనని రాయాలి. మొదటి తనిఖీ అత్త యూనిట్‌కే పడింది. అది తప్పిందా, ఆమె ఆర్డరుతో పాటు మా అందరి వాటా కూడా పోయినట్టే.

అందుకే ముందురోజు వెళ్ళి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను.

"అత్తా, రేపు కుర్చీలో నువ్వే కూచోవాల. టీ జోలికి పోవద్దు."

"సరేలే తల్లీ, నేనేమన్నా చిన్నపిల్లనా?" అంది.

మర్నాడు తనిఖీకి సుధారాణి మేడం వచ్చారు. ఆమెను గేటు దగ్గర నుంచి తీసుకొచ్చి లోపలికి చూశాను కదా, నా పైప్రాణం పైనే పోయింది. కుర్చీలో తెల్లచొక్కా వేసుకుని మామ! జీపు హారన్ వినగానే ఇద్దరికీ అలవాటు పూనినట్టుంది. అత్త ట్రేతో వచ్చింది, ఆర్డరు ఎలాగైనా రావాలనేమో, గ్లాసు ఆయన కుడివైపు పెట్టింది, వెళ్ళి గోడవారన నిలబడింది. కొంప మునిగిందనుకున్నాను.

మేడం ఫైలు తెరిచి మామను అడిగారు. "నెలలో పదివేల పలకలు ఇవ్వగలరా?"

మామ గ్లాసు వైపు చూశాడు. "ఇస్తాం మేడం."

ఆ చూపు ఆమె కంట పడింది. పెన్ను ఆపి, చెయ్యి చాచి, గ్లాసును మెల్లగా ఎడమవైపుకు జరిపారు.

"మళ్ళీ అడుగుతున్నాను. నెలలో పదివేలు ఇవ్వగలరా?"

"కుదరదు మేడం" అన్నాడు మామ వెంటనే.

మిషన్ల దగ్గరున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మామ నాలిక కరుచుకున్నాడు. నాకైతే ఆ మనిషిని పట్టుకుని కుదిపేయాలనిపించింది.

"ఏంటండీ ఇది?" అన్నారు మేడం.

"నాకేం తెల్దు మేడం. గ్లాసు యాడుంటే అట్ల చెప్తాను. పెట్టేది ఆమె" అని అత్తను చూపించాడు.

మేడం అటు తిరిగారు. "అయితే మీరే చెప్పండమ్మా."

అత్త తల దించుకుంది. "ఆయనుండంగా నేనేం చెప్పాల మేడం?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆమెకు మేడం అంటే భయం లేదు. ఇంతమంది ముందు మొగుడు చిన్నబోతాడని బెంగ. నా కోపమంతా ఎటు పోయిందో పోయింది.

మామ లేచి నిలబడ్డాడు. "నా పరువు సంగతి నీకెందుకే? ఇన్నేళ్ళు కూచోని కూచోని నా నడుం పట్టేసింది. చెప్పు, మేడం అడుగుతాంటే!"

అత్త ఆయన మొహంలోకి ఒకసారి చూసింది. ఆయన నవ్వుతున్నాడు. కొంగు దోపుకుని ముందుకు వచ్చింది.

"నెలలో పదివేలు కావు మేడం. ఎనిమిది వేలు ఇస్తాను. మిగతావి ఇంకో వారానికి. గనిలో నీళ్ళు నిలిచినాయి, రాయి ఆలస్యంగా వస్తాంది."

మేడం రాసుకున్నారు. "యజమాని అని ఎవరి పేరు రాయమంటారు?"

"నా పేరే. రమణమ్మ అని రాయండి. ఇంకోటి మేడం, టెండర్లో చట్రం చెక్క మరీ పలచన పెట్టినారు. పిల్లోళ్ళు కింద పడేస్తే మూలలు ఊడిపోతాయి. అది మార్పించండి."

వివరంగా చెబుదామని నేను అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

"నువ్వుండు ఝాన్సీ. నేను చెప్తున్నా గదా" అంది అత్త.

మూడేళ్ళు ఆమె తరఫున అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నదాన్ని. ఆ ఒక్క మాటకు, మేడం ఎదుటే, నాకు ఏడుపు ఆగలేదు.