మెత్తని బండి

"మేస్త్రీ, చక్రాల లోపల కూడా రుద్దు. ఆయన నేలమీద పడుకుని మరీ తీస్తాడట!"

మేడమీద కిటికీలోంచి భర్త కేకేశాడు. ఆమె తల ఎత్తకుండానే "ఆఁ" అంది. పాత టూత్‌బ్రష్‌తో చక్రం సందుల్లో పేరుకున్న నల్లటి బ్రేకు పొడిని గీకుతోంది. ఇంకాసేపట్లో కార్ల మీద వీడియోలు చేసే ఒకాయన వస్తాడు. ఆయన చానెల్ చూసేవాళ్ళు లక్షల్లో ఉన్నారట. వారం రోజులుగా ఇంట్లో అదే మాట. భర్త కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఆమె మాత్రం తెల్లారి లేచి ఆయిలు చూసి, బెల్టు బిగించి, బానెట్ కింద గుడ్డపెట్టి తుడిచి, ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని చక్రాలు కడుగుతోంది. మేస్త్రీ అన్నది పెళ్ళైన కొత్తలో అతను పెట్టిన ముద్దుపేరు. అప్పట్లో ఆ పిలుపు వింటే ఆమెకి బుగ్గలు వేడెక్కేవి. ఇప్పుడు అది సెలవు లేని ఉద్యోగంలా వినిపిస్తుంది.

చూడటానికి నాలుగు తలుపుల మామూలు కారే. దూరం నుంచి చూస్తే ఎవరో గుమాస్తా కూరగాయలు తెచ్చుకునే బండి అనుకుంటారు. తాళం తిప్పాకే తెలుస్తుంది దాని సంగతి. నీళ్ళ పరీక్షల లాబ్‌లో ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఒక పంటి డాక్టరు ముసుగేసి దాచుకున్న ఆ బండిని ఆమె తన జీతంతో కొనుక్కుంది. తర్వాత బ్రేకులు పెద్దవి వేసింది, పొగగొట్టం మార్చింది, షాక్ అబ్జార్బర్లు విప్పి పందేల్లో వాడే రకం బిగించింది. అన్నీ తన చేతుల్తోనే. లాబ్‌లో తోటివాళ్ళు ఆమె గోళ్ళ కింద గ్రీజు చూసి, "మీ ఆయనకి కార్ల పిచ్చా? పాపం, మీకు తప్పదు" అని జాలిపడేవారు. స్పేర్ పార్టుల దుకాణంలో ఇంకా తమాషా. "ఏ సైజు సార్?" అని దుకాణదారు ఆమె భర్తని అడుగుతాడు. భర్త ఆమె వైపు చూస్తాడు. ఆమె చెబుతుంది. దుకాణదారు మళ్ళీ భర్తకే సమాధానం ఇస్తాడు. వేరే దేశాల వాళ్ళిద్దరి మధ్య దుబాసీలా ఆమె నిలబడి ఉంటుంది.

మొదట్లో అతను స్నేహితులకి "మా ఆవిడ కారు" అని చూపించేవాడు. కొన్నాళ్ళకి "మా కారు" అయింది. ఇప్పుడు "నా కారు". ఆ మూడు మాటల మధ్య ఒక్క గొడవ కూడా జరగలేదు. ఎక్కడ చేయి మారిందో ఆమె ఎంత వెతుక్కున్నా దొరకదు.

దొరకదనేది అబద్ధం. దొరుకుతుంది. కానీ అక్కడికి వెళ్ళాలంటే ఆస్పత్రి గదిలోంచి వెళ్ళాలి.

ఆ షాక్ అబ్జార్బర్లకి ఒక్కొక్కదాని పైన చేత్తో తిప్పే చిన్న గుండీ ఉంటుంది. కుడికి తిప్పితే బండి బిగుసుకుంటుంది. మలుపుల్లో పట్టాలెక్కినట్టు పోతుంది గానీ రోడ్డుమీది ప్రతి గులకరాయీ నడుముకి తెలుస్తుంది. ఎడమకి తిప్పితే మెత్తబడుతుంది. ఒక్కో మెట్టుకీ టిక్కుమని చిన్న చప్పుడు. కడుపులో బిడ్డ ఉందని ఖాయమైన కొద్దిరోజులకి, మూడో నెలలో, ఒక ఆదివారం పొద్దున ఆమె బానెట్ తెరిచి ముందువి రెండూ, డిక్కీలో తివాచీ ఎత్తి వెనకవి రెండూ ఎడమకి తిప్పింది. ఇక టిక్కుమనని చోటుదాకా తిప్పింది. పందెపు గుర్రానికి పరుపు కట్టినట్టయింది. తర్వాత వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది. గతుకులన్నీ ఎవరో ముందే సర్ది పెట్టినట్టు కిందే ఉండిపోయాయి. ఆమెకి నవ్వొచ్చింది. అప్పటిదాకా ఆ బండి కోసం తనే సర్దుకుంది, నడుం నొప్పితో, నూనె మరకలతో, బంధువుల వెక్కిరింతలతో. బండిని సర్దుకోమనడం అదే మొదలు. కడుపులోని గుప్పెడు ప్రాణం కోసం.

భర్తకి చెప్పాలనుకుంది. అతను ఫోన్‌లో స్నేహితుడితో మాట్లాడుతున్నాడు. పోనీలే, రేపు పక్కన కూర్చుంటాడుగా, తనే కనిపెట్టనీ అనుకుంది. 'ఏంటి మేస్త్రీ, బండికేమైంది?' అంటాడు. 'ఏమో, దాన్నే అడుగు' అని ఏడిపించాలి. కాసేపు ఏడిపించి అప్పుడు చెప్పాలి. తల్లి కాబోతున్న మనిషికి ఆ మాత్రం ఆట ఆడుకునే హక్కుంది కదా. మర్నాడు అతను కూర్చున్నాడు. ఆ మర్నాడూ కూర్చున్నాడు. ఫోన్ చూసుకుంటూ దిగిపోయాడు.

బిడ్డ నిలవలేదు. "ఎవరి తప్పూ కాదమ్మా, ఒక్కోసారి ఇలా అవుతుంది" అంది డాక్టరమ్మ, మంచం అంచున కూర్చుని, ఆమె పాదాల మీద దుప్పటి సరిచేస్తూ. ఆ దుప్పటి సరిచేసిన చేయి ఆమెకి ఇప్పటికీ గుర్తే. వరండాలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "నిలుస్తుందంటే ఎలా నిలుస్తుంది? ఆ ఎగిరే బండిలో రోజూ ఆఫీసుకి! ఇటుకలు మోసే లారీ నయం." ఆమె భర్త చేయి పట్టుకుని, "నేను ఆ షాక్‌లు…" అని మొదలుపెట్టింది. "ఇప్పుడు కూడా కారు గోలేనా?" అన్నాడతను. పరామర్శకి వచ్చినవాళ్ళు అడిగితే తలవంచుకుని, "చెప్తే వింటేగా" అన్నాడు. ఆ రెండు మాటలూ అంత మెల్లగా, అంత బాధగా అన్నాడు. వచ్చినవాళ్ళందరూ అతని భుజం తట్టి వెళ్ళారు.

తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడమంటే బిడ్డని పోగొట్టుకున్న తల్లి తన తప్పు లేదని సాక్ష్యాలు పట్టుకుని ఇంటిల్లిపాది చుట్టూ తిరగడమే అనిపించింది. పైగా లోపల ఒక మొండితనం ఉండేది. అతను కనిపెట్టాలి. ఆ బండి గురించి అంత మాట్లాడే మనిషి, ఒక్క రోజు, ఏదో ఒక గతుకు మీద, 'ఇదేమిటి ఇంత మెత్తగా ఉంది' అని ఆగాలి. ఆగి వెనక్కి లెక్కేసుకోవాలి. ఇంటికొచ్చి ఆమె ముఖం చూడాలి. దాని కోసమే ఆ గుండీలు మళ్ళీ తిప్పకుండా వదిలేసింది. "నువ్వు విశ్రాంతి తీసుకో, నేను నడుపుతాలే" అని అతను తాళం తీసుకున్నాడు. రెండేళ్ళయింది. ఆదివారాలు ఆమె దాని కింద దూరి మరమ్మతులు చూస్తుంది. మిగతా రోజులు అతను నడుపుతాడు. సాయంత్రం హారన్ వినబడగానే ఆమె గుమ్మంలోకి వచ్చి అతని ముఖం చూస్తుంది. ఎందుకలా చూస్తుందో అతను ఎప్పుడూ అడగలేదు. అత్తగారు మాత్రం ఆ బండిలో అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకుంది.

వీడియో ఆయన వచ్చాడు. భారీ మనిషి, మెత్తటి మాట. ముందు భర్త పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగొచ్చాడు. తర్వాత కెమెరా పట్టుకుని బండి చుట్టూ తిరుగుతున్నాడు. అత్తగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె టీ కప్పుల పళ్ళెంతో గడప దాటుతోంది.

"షాక్‌లు ఎలా పెట్టుకున్నారు సార్?"

"ఫుల్ హార్డ్. మన దగ్గర రాజీ లేదు" అన్నాడు భర్త, కెమెరాలోకి చూస్తూ. "రోడ్డు మీద నాణెం పడుంటే, దాని మీదుగా పోయి బొమ్మో బొరుసో చెప్పేస్తా."

వీడియో ఆయన నవ్వాడు గానీ, కనుబొమలు ముడిపడ్డాయి. "నాకెందుకో ఇందాక…" అంటూ బానెట్ లోపలికి వంగి గుండీని వేళ్ళతో పట్టి చూశాడు. తర్వాత అవతలిది. వెళ్ళి డిక్కీ తెరిచి తివాచీ ఎత్తాడు. "నాలుగూ చివరిదాకా మెత్తగా ఉన్నాయండి. ఇంక తిరగవు కూడా. ఎవరో కావాలనే పెట్టారు."

భర్త ముఖంలో రంగు ఒక్క క్షణం మారింది. వెంటనే నవ్వేశాడు. "సర్వీసువాళ్ళ పనై ఉంటుంది. పోయిన వారమేగా ఇచ్చాం. ఎవడో వెధవ తిప్పేశాడు."

ఆ బండి ఏ సర్వీసుకీ వెళ్ళదు. పోయిన వారం దాని కింద పడుకున్నది ఆమే.

"ఇప్పుడే బిగించేద్దాం, అదెంత పని" అని భర్త బానెట్‌లోకి వంగి గుండీ మీద చేయి వేశాడు. టిక్.

ఆ చప్పుడు ఆమెకి ఎక్కడో పొత్తికడుపులో తగిలింది.

"తిప్పకు."

అత్తగారి ఎదుట ఆమె భర్తని ఎప్పుడూ మీరనే అంటుంది. ఇప్పుడు ఎవరూ అది పట్టించుకోలేదు. ఆమె పళ్ళెం మెట్టు మీద పెట్టింది.

"నేనే పెట్టాను. అలాగే ఉండనీ."

వీడియో ఆయన ఆమె ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, ఎవరూ అడగకుండానే కెమెరా దించి మూత పెట్టేశాడు. "నేను గేటు బయట ఉంటానండి, ఫోన్ చేసుకోవాలి" అని వెళ్ళిపోయాడు. ఫోన్ జేబులోనే ఉంది.

"ఎప్పుడు పెట్టావమ్మాయ్?" అత్తగారు అడిగింది. "బిడ్డ పోకముందా, పోయాకా?"

"ముందే అత్తయ్యా. మూడో నెలలో. కుదుపులు తగలకూడదని."

అత్తగారు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"నాకు చెప్పొచ్చుగా" అన్నాడు భర్త.

"రెండేళ్ళుగా నువ్వే నడుపుతున్నావు."

"నాకూ కాస్త తేడాగానే ఉండేది. అనుకుంటూనే ఉన్నా, అడగాలని…" మధ్యలో ఆగి గేటు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "సరే, అదంతా తర్వాత చూసుకుందాం. బయటివాడి ముందు నా పరువు తీయాలా? లక్షలమంది చూసేది అది."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ప్రతి సాయంత్రం గుమ్మంలో నిలబడి చూసిన ముఖమే. అందులో దేని కోసమైతే ఇన్నాళ్ళూ వెతికిందో అది ఎప్పుడూ అక్కడ లేదని ఇప్పుడు ఏ అడ్డూ లేకుండా కనిపించింది. కోపం రాలేదు. బిడ్డ పోయిన రోజున ఏడుపు రాక, డాక్టరమ్మ వెళ్ళాక ఒక్కసారిగా వచ్చినట్టు, ఇప్పుడూ ఏదో వస్తోంది. పోయింది బిడ్డొక్కటే కాదని ఇప్పుడు తెలిసింది.

అత్తగారు లేచి చెప్పులేసుకుంది. "అమ్మాయ్, నన్ను అందులో ఎక్కించుకో."

"అమ్మా, ఇప్పుడెక్కడికి?" అన్నాడు కొడుకు.

"నువ్వూరుకోరా."

ఆమె బానెట్ లోపల చేయి పెట్టి, అతను తిప్పిన ఆ ఒక్క మెట్టునీ వెనక్కి తిప్పింది. బానెట్, డిక్కీ మూసింది. స్టీరింగు ముందు కూర్చుంటే సీటు అతని కాళ్ళకి తగ్గట్టు వెనక్కి జరిపి ఉంది. ముందుకి లాక్కుంది.

రాళ్ళు కోసే కార్ఖానాల వెనక రోడ్డు ఊళ్ళోకెల్లా అధ్వాన్నమైంది. లారీలు తొక్కి తొక్కి గుంటలు పడి, మధ్యలో పైపులు పూడ్చిన చోట అడ్డంగా పెద్ద గట్టు. అప్పట్లో ఆమె రోజూ ఆఫీసుకి వెళ్ళింది ఆ దారినే. అత్తగారు తలుపు పైన ఉన్న పిడిని రెండు చేతులా పట్టుకుని, పన్ను పీకించుకునే మనిషిలా కళ్ళు గట్టిగా మూసుకుంది. బండి మొదటి గుంటలో దిగి లేచింది. గట్టు ఎక్కి దిగింది. లోపల ఉయ్యాల ఒకసారి ఊగి ఆగినట్టుంది, అంతే.

"ఎప్పుడొస్తుంది ఆ గట్టు?" కళ్ళు తెరవకుండానే అడిగింది అత్తగారు.

"దాటేశామత్తయ్యా."

అత్తగారు కళ్ళు తెరిచి వెనక్కి తిరిగి చూసింది. గట్టు వెనక ఉంది. చాలాసేపు దాన్నే చూసింది. "వెనక్కి తిప్పు. ఇంకోసారి పోనీ."

ఆమె తిప్పింది. రెండోసారి అత్తగారు పిడి పట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గట్టు దాటేదాకా కళ్ళార్పకుండా చూసింది. "నోరు పారేసుకున్నానే తల్లీ" అంది. "ఊరంతా చెప్పుకుని తిరిగాను."

పర్లేదు అత్తయ్యా అనే మాట అలవాటుకొద్దీ ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పెళ్ళైనప్పటినుంచి ఆ మాట ఎన్నిసార్లు అందో. ఈసారి దాన్ని బయటికి రానివ్వలేదు. బండి పక్కకి తీసి ఆపి, స్టీరింగు మీద నుదురు ఆనించి ఏడ్చింది. అత్తగారు ఊరుకోమనలేదు. చీర కొంగుతో తన కళ్ళు తుడుచుకుని, పొడిగా ఉన్న రెండో కొసని ఆమె చేతిలో పెట్టింది.

అత్తగారి ఫోన్ మోగింది. కొడుకు గొంతు పెద్దగా బయటికి వినబడుతోంది. "ఎక్కడున్నారమ్మా? బండి తెమ్మను. ఆయన ఇక్కడ కాచుకుని కూర్చున్నాడు. నేనేం చెప్పను ఆయనకి?"

అత్తగారు ఫోన్‌ని ఆమె వైపు పట్టుకుంది.

ఆమె ముఖం తుడుచుకుని గేరు వేసింది.

"ఓనరు బయటికి వెళ్ళిందని చెప్పు."