కాలేయం కింద నల్లగీత

పోలిరాజు తన కాళ్ల మీద తను నడిచి వచ్చాడు. తర్వాత అందరినీ మోసం చేసింది ఆ నడకే.

2006 నవంబరులో ఒకనాడు ఉదయం పదకొండు దాటాక, పరవాడ దాటి సముద్రం వైపు వెళ్లే దారిలోని ఇరవై పడకల ట్రస్టు ఆసుపత్రికి అతను భార్య నూకాలుతో వచ్చాడు. వరుసలో నిలబడి చీటీ రాయించుకున్నాడు. తెల్లవారుజామున పడవను ఒడ్డుకు లాగుతుంటే పెద్ద కెరటం వచ్చి, పడవ ముక్కు ఎడమ డొక్కలో గుద్దిందట. కాసేపు ఊపిరాడలేదు, తర్వాత సర్దుకుంది. చేపలు తట్టలకెత్తి, గంజి తాగి పడుకోబోతే నూకాలే పోరు పెట్టి తీసుకొచ్చింది.

"ఏటీ నేదు డాట్రమ్మా. ఓ సూదేసి పంపీండి. రేపు ఏటకెల్లాల" అన్నాడు.

డ్యూటీలో ఉన్నది డాక్టర్ హిమబిందు. కంచరపాలెం రైలుకట్ట పక్క ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల, ఇరవై ఎనిమిదేళ్లు. బీపీ చూసింది, బాగానే ఉంది. నాడి మాత్రం నిమిషానికి నూట నాలుగు. నడిచి వచ్చాడు కదా అనుకుంది. పది నిమిషాలు పడుకోబెట్టి మళ్లీ చూసింది. నూట ఎనిమిది.

అప్పుడు ఆమె చూపు బీరువా వైపు వెళ్లింది. వెంటనే చూపు తిప్పేసుకుంది.

బీరువాలో ఉన్నది స్కానింగ్ మిషను. గదంతా ఆక్రమించే పెద్దది కాదు. పెద్ద పుస్తకమంత ఉంటుంది, మూడు కిలోల బరువు, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. ఆగస్టులో నార్వే నుంచి ఇంగ్రిడ్ అనే డాక్టరు, మరో ఇద్దరు దాన్ని పట్టుకొచ్చారు. ఇలాంటి చిన్న ఆసుపత్రులకు మిషన్లిచ్చి, వాటితో చూడటం నేర్పి వెళ్లడమే వాళ్ల పని. పన్నెండు రోజులున్నారు. మిగతా డాక్టర్లు ఈ వయసులో మాకెందుకన్నారు గనుక నేర్చుకున్నది హిమబిందు ఒక్కతే. దెబ్బ తగిలిన మనిషి కడుపులో నాలుగు చోట్ల చూడాలి. నల్లగా కనిపిస్తే అది నీళ్లో, రక్తమో. తేల్చుకోలేకపోతే కొంతసేపాగి మళ్లీ చూడాలి, పెరిగితే రక్తమే అని ఇంగ్రిడ్ చెప్పింది. చెప్పి, వెళ్లిపోయింది.

వాళ్లు వెళ్లిన మూడో వారంలో బైకు మీంచి పడిన ఒక మేస్త్రిని చూసి, కడుపులో రక్తముందని హిమబిందు పట్నంలోని పెద్ద ఆసుపత్రికి పంపింది. అక్కడ తేలిందేమిటంటే, ఆ నల్లదనం అతను అప్పుడే తాగిన రెండు చెంబుల మజ్జిగ. సాయంత్రానికి అతను నవ్వుకుంటూ ఇంటికి వెళ్లాడు. ఆ రోజు నుంచి మిషను బీరువాలోనే ఉంది.

ఇప్పుడు తాళం తీసింది. పోలిరాజు కడుపు మీద జెల్లు రాసి, కుడి పక్క నుంచి మొదలుపెట్టింది. దెబ్బ ఎడమనైనా, కారిన రక్తం తరచూ ముందు కుడి పక్కే చేరుతుంది. కాలేయం, దాని కింద మూత్రపిండం. రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి. వాటి మధ్య నల్లటి గీత కనిపించింది, కుట్టుదారమంత సన్నగా. చెయ్యి కదిపితే పోయింది, మళ్లీ వచ్చింది. ఎడమ పక్క పక్కటెముకల నీడలు తప్ప ఏమీ తెలియలేదు. ఇది కొవ్వా? ఇంకో మజ్జిగ చెంబా? లేక ఈ మనిషి ఇక్కడ పడుకుని, రేపటి వేట గురించి మాట్లాడుతూ, లోలోపల రక్తం కారి చచ్చిపోతున్నాడా?

పెద్ద డాక్టరు నీలకంఠం గారిని పిలిచింది. అరవై దాటిన మనిషి, ముప్పై అయిదేళ్లుగా ఆ తీరంలో వైద్యం చేస్తున్నాడు. ఆయన పోలిరాజు కడుపు నాలుగు పక్కలా నొక్కి చూశాడు. మెత్తగా ఉంది. లోపల రక్తం కారుతుంటే గట్టిపడాలని ఆయన నమ్మకం. తెర వంక చూసి, తనకేమీ కనపడలేదన్నాడు. సాయంత్రం దాకా ఉంచి చూద్దామన్నాడు. మేస్త్రి సంగతి ఎత్తలేదు, ఎత్తనవసరం లేదు కూడా. ఆపరేషన్ అవసరం పడొచ్చని, పట్నంలోని పెద్ద ఆసుపత్రికి పంపి తీరాలని హిమబిందు పట్టుబట్టింది. చివరికి ఆయన, బాధ్యత నీదేనమ్మా అన్నాడు. మిషను మాత్రం గేటు దాటకూడదన్నాడు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదన్న చట్టం కింద అది ఈ ఆసుపత్రి చిరునామా మీద నమోదైంది. బయట ఎవరి కంటైనా పడితే సీలు వేసుకుపోతారని ఆయన భయం.

అసలు చిక్కు పోలిరాజుతో వచ్చింది. అతను లేచి కూర్చుని చొక్కా తొడుక్కుంటున్నాడు.

"నడిసొచ్చినోడికి ఆపరేసనేటమ్మా?" అంది నూకాలు. "కడుపు కోసినోడు మల్లా ఏటకెల్లగలడా? మా బతుకేటవుద్ది?"

హిమబిందు అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "చూడన్నా. నీ కడుపులో రక్తం కారుతున్నాదని నా అనుమానం. తప్పయితే మీ పేటకొచ్చి నిలబడతాను, నలుగురిలో తిట్టు. నిజమయితే సాయంత్రానికి నువ్వు నడవలేవు. అప్పుడు తీసుకెళ్దామన్నా దారిలోనే పోతావు."

ఆమె గొంతులో వణుకుంది. ఆ వణుకే పోలిరాజును లొంగదీసింది. ధైర్యంగా చెప్పే డాక్టర్లను అతను చాలామందిని చూశాడు, భయపడుతూ చెప్పే డాక్టరును చూడటం అదే మొదలు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం ఆపి నూకాలు వంక చూశాడు. నూకాలు చెప్పులు తొడుక్కుంది.

రెండు చేతులకీ సెలైన్లు పెట్టించి ఆసుపత్రి వ్యాను ఎక్కించారు. ఎక్కబోతూ హిమబిందు వెనక్కి వెళ్లి, మిషనును దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకొచ్చింది. నీలకంఠం గారు వరండాలోనే నిలబడి ఉన్నారు. చూశారో లేదో ఆమెకు తెలియలేదు. తల తిప్పి చూసే ధైర్యం లేకపోయింది.

వ్యాను నడిపేవాడు పైడయ్య. బొగ్గు లారీల వెనక దుమ్ములో ఈదుకుంటూ కూర్మన్నపాలెం కూడలికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు గంటలైంది. స్టీల్ ప్లాంటులో షిఫ్టు మారే వేళ. దిగినవాళ్ల బస్సులు, స్కూటర్లు ఉక్కునగరం వైపు నుంచి కట్ట తెగినట్టు వచ్చి రోడ్డును నింపేశాయి. పైడయ్య హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఎవరికీ వినపడలేదు, విన్నవాళ్లకు తప్పుకునే చోటు లేదు.

అంతవరకూ వలల గురించి చెబుతున్న పోలిరాజు మాటలు ఆపేశాడు. దాహమన్నాడు. ఎడమ భుజం ఎందుకో లాగుతోందన్నాడు. హిమబిందు నాడి పట్టుకుంది. నూట ఇరవై. పెదవులు తెల్లబడుతున్నాయి.

"కల్లు మూయకు బావా, నాతో మాటాడతా ఉండు" అని పైడయ్య ముందు నుంచే అరిచాడు.

నూకాలు మొగుడి పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకుని రుద్దుతోంది. అవి చల్లబడ్డాయని ఆమెకు ముందే తెలిసినట్టుంది, చెప్పడం లేదు. హిమబిందుకు కళ్ల ముందు రెండు దారులు కనిపించాయి. ఒకదాని చివర ఈ మనిషి శవం. రెండోదాని చివర, ఊరికే కోసిన కడుపు, అందులో ఏమీ లేదని తేల్చి తన వంక చూసే సర్జన్ల ముఖాలు. లోపల రక్తం ఉంటే బాగుండునని ఒక్క క్షణం కోరుకుంది. తను కోరుకున్నదేమిటో అర్థమై, మళ్లీ అతని నాడి పట్టుకుంది.

పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ సర్జను సాయిశంకర్. చీటీ చూసి, ఊరి పేరు చదివి, తల పైకెత్తాడు.

"మజ్జిగ కేసు పంపింది మీరే కదండీ?"

ఎగతాళిగా అనలేదు. అలసిపోయి అన్నాడు. అప్పటికే లోపల రెండు బస్సు ప్రమాదాల వాళ్లున్నారు. బీపీ నూరు బై డెబ్బై ఉంది కదా, సీటీ స్కానుకు వరుసలో ముగ్గురున్నారు, గంట పడుతుంది, కూర్చోమన్నాడు. అతను చెప్పింది అన్యాయమేమీ కాదు. ఇలాంటి చీటీ తన దగ్గరకు వస్తే హిమబిందు కూడా అదే చెప్పేది. ఆమె భయం అందుకే రెండింతలైంది.

దుప్పటి విప్పింది. బెడ్డు మీదే మిషను పెట్టి మీట నొక్కింది. తెర మూల బ్యాటరీ గుర్తు ఎర్రగా మెరిసింది. మహా అయితే నాలుగైదు నిమిషాలు నడుస్తుందేమో. చుట్టూ జనం చూస్తున్నారు. ఎవరో ఆయా, ఇది ఇక్కడికెలా తెచ్చారమ్మా అని అడుగుతోంది. తెర మీద కాలేయం నిలకడగా రావడం లేదు. హిమబిందు మోచేతిని మంచం అంచుకు ఆనించింది.

ఉదయం కుట్టుదారమంత ఉన్న గీత ఇప్పుడు వేలంత లావుంది. ఎడమ పక్కకు జరిపింది. ప్లీహం చుట్టూ నల్లగా చెరువు.

"డాక్టర్ గారూ, ఒక్కసారి ఇటు రండి. పదకొండున్నరకి ఇది దారమంత ఉంది."

సాయిశంకర్ వచ్చాడు. వంగి చూశాడు. మెడలోని స్టెతస్కోపు తీసి జేబులో కుక్కుకుని, థియేటరుకు ఫోను చేయమని నర్సును కేకేశాడు. మిషను తెర ఆరిపోయింది. థియేటరు తలుపు దగ్గరికి వెళ్లేలోపే పోలిరాజు పై బీపీ డెబ్బైకి పడిపోయింది.

ఆ తర్వాత రెండున్నర గంటలు హిమబిందు, నూకాలు, పైడయ్య ఒకే బల్ల మీద కూర్చున్నారు. నూకాలు ఒక్కసారే అడిగింది.

"నువ్వు నిజం సెప్పమ్మా. బతుకుతాడా?"

"నాకు తెలీదు నూకాలూ" అంది హిమబిందు. అబద్ధం ఆడలేకపోయింది.

సాయిశంకర్ బయటికొచ్చి, ప్లీహం రెండుగా చీలిపోయిందనీ, తీసేశామనీ, కడుపులో రెండు లీటర్ల రక్తముందనీ చెప్పాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే తాను చేసేది ఏమీ ఉండేది కాదన్నాడు. పైడయ్య హిమబిందును చెయ్యి పట్టుకుని లేపాడు.

పోలిరాజు పదకొండో రోజున ఇంటికెళ్లాడు. వేటకు మాత్రం నాలుగు నెలలు వెళ్లలేదు. ఆ నాలుగు నెలలూ నూకాలే గంప మోసింది.

ఆపరేషన్ జరిగిన మర్నాడు పొద్దున హిమబిందు రాజీనామా కాగితం రాసి పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. మిషను గేటు దాటించినందుకు ఎలాగూ పొమ్మంటారని ఆమె అంచనా. నీలకంఠం గారి గదిలో అడుగుపెట్టి, ఛార్జింగు అయిపోయిన మిషనును ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చూశాడు, ఆమెను చూడలేదు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. సాయిశంకర్ ఫోను చేసి అంతా చెప్పాడట. ఆయన ఆమెను కూర్చోమన్నాడు. రెండు అరచేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"నిన్న అతని కడుపు నాకు మెత్తగానే తగిలిందమ్మా" అన్నాడు. "ఈ ముప్పై అయిదేళ్లలో, మెత్తగా ఉందని ఎంతమందిని ఇంటికి పంపేశానో."

రాజీనామా కాగితం హిమబిందు సంచిలోనే ఉండిపోయింది. బయట చీటీల కిటికీ దగ్గర అప్పటికే వరుస మొదలైంది. అందరూ తమ కాళ్ల మీద తాము నిలబడే ఉన్నారు. ఆయన గది కిటికీ అద్దంలోంచి వాళ్ల వంకే చూస్తున్నాడు, ఒక్కొక్కరినే, చాలా భయంగా.