నన్ను ఎక్స్ఛేంజిలో ఇవ్వబోయిన రోజు

“నా ఇంట్లో, నేను కొన్న మెషీను, నన్నే పాస్‌వర్డ్ అడుగుతుందేంటి?” భూషణం గారి గొంతు అప్పటికే వీధి దాకా వెళ్ళింది.

“అడగాలి కదండీ. ఎవరు పడితే వాళ్ళు ఏది పడితే అది ఎక్కించేస్తే ఎలా?” అంది ఆయన భార్య సుగుణ.

“ఎవరు పడితే వాళ్ళా? నేనా?”

భూషణం గారి తల్లి రత్తమ్మ గారు కూర తరుగుతూ అందుకుంది. “మీ నాన్న రేడియోని బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకుని పోయేవాడ్రా. నేనెప్పుడైనా ఇంత రభస చేశానా?”

నేను ఒక పాత కంప్యూటర్‌ని. ఆ రభస నా గురించే. స్నేహితుడెవరో వాట్సాప్‌లో పంపిన పంచాంగం ప్రోగ్రాంని ఆయన నాలోకి ఎక్కించబోయారు. అది వేరే రకం మెషీన్లకి రాసింది, నాకు పట్టదు. ఆయన వదలకుండా ఇంకేవేవో నొక్కారు. నేను పాస్‌వర్డ్ అడిగాను. అడగడం తప్పని నేనిప్పటికీ అనుకోను. ఊరూ పేరూ లేని ప్రోగ్రాంని లోపలికి రానివ్వడం, వీధిలో పోయేవాణ్ణి పిలిచి బీరువా తెరిచి చూపించడం లాంటిదే.

నాది గొప్ప పుట్టుక కాదు. విజయవాడలో ఒక ఇరుకు దుకాణంలో, ఒకచోటి డబ్బాకి ఇంకోచోటి గుండె పెట్టి బిగించారు. మొదట ఒక ఆఫీసులో ఉన్నాను. అక్కడి గుమాస్తా గారు నాతో లెక్కల కన్నా పేకాటే ఎక్కువ ఆడారు. తర్వాత ట్యూషన్ సెంటర్. అక్కడ నేను నెమ్మదిస్తే నెత్తిన చరిచేవారు. మనుషులకి ఇదొక నమ్మకం: కొడితే ఎవరైనా త్వరగా ఆలోచిస్తారని. ఆ సెంటర్ మూతపడ్డాక తణుకులోని ఈ ఇంటికొచ్చాను. అప్పటికి నన్ను ఆన్ చేసి కాఫీ పెట్టుకుని తాగి రావచ్చు. ఇది పోయినట్టేనని అందరూ తేల్చేశారు.

సుగుణ తేల్చలేదు. చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూ, ముందు ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో దాచి, తర్వాత నాలో లైనక్స్ అనే, పాత మెషీన్లని కూడా నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. హంగులు తక్కువున్న తేలిక రకం ఎంచింది. ముసలి ఎద్దుకి బండెడు బరువు కట్టకూడదని ఆమెకి తెలుసు. ఏ ప్రోగ్రాం కావాలన్నా నెట్‌లో లైనక్స్ వాళ్ళ సొంత దుకాణంలోంచే తెస్తుంది. నెట్‌లో కనిపించిన ఆజ్ఞని అర్థం కాకపోతే నాలో అతికించదు. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే ఖాతా తెరిచింది కాబట్టి, కూతురు ఇందు పాటలు తన పని మధ్యలోకి రావు. కొత్తవి ఎక్కించడానికీ, ఉన్నవి మార్చడానికీ కావలసిన పాస్‌వర్డ్ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

ఆమె పని జాకెట్ల మీద మగ్గం వర్కుకి డిజైన్లు గీయడం. ఇదివరకు చేత్తో గీసేటప్పుడు ఎడమ భుజం నెమలి కొంచెం బక్కగా, కుడి భుజం నెమలి కొంచెం బలిసి ఉండేవి. ఇప్పుడు సగం మెడ గీస్తే మిగతా సగం నేను తిప్పి అద్దంలోలా పెడతాను. దాన్ని బటర్ పేపర్ మీద అచ్చు తీసి, సూదితో చిల్లులు పొడిచి, రంగు అద్ది జాకెట్ గుడ్డ మీదికి దింపుతారు. ఊళ్ళో మగ్గం వాళ్ళు చాలామంది ఆమె నెమళ్ళ కోసమే పెరటి గుమ్మంలోంచి నేనున్న వెనక గదికి వస్తారు; ముందు గది భూషణం గారి టీవీది.

ఆ సాయంత్రం భూషణం గారు ఎక్స్ఛేంజి కొట్టు కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చారు.

“దీన్నిచ్చి కొత్తది తీసుకుంటున్నాం. దాని పాస్‌వర్డ్ నా దగ్గరుంటుంది,” అన్నారు భార్యతో. “ఏదన్నా కావాలంటే నన్నడుగు, నేను కొడతాను.”

సుగుణ చేస్తున్న పని భద్రపరిచి, నన్ను లాక్ చేసి, కుర్చీలోంచి లేచింది.

“తుక్కు కిందే లెక్కండి,” అన్నాడు కొట్టతను నన్ను చూసి. “అయినా లోపలున్నవన్నీ తుడిచేశాకే తీసుకోవాలి. దానికి అన్నీ మార్చే పాస్‌వర్డ్ చెప్పండమ్మా.”

“చెప్పను బాబూ.”

“ఆవిడ చెప్పేదేంటి, నాకు తెలీదా?” అని భూషణం గారు కూర్చున్నారు. ముందు తన పేరు కొట్టారు. కాదన్నాను. తన పేరూ పుట్టిన సంవత్సరమూ కలిపి కొట్టారు. కాదన్నాను. పెళ్ళిరోజు కొడదామనుకుని తేదీ గుర్తురాక తల్లి వైపు చూశారు.

“నన్నడుగుతావేంట్రా, తాళి కట్టింది నువ్వు!” అంది రత్తమ్మ గారు.

తేదీ సుగుణే చెప్పింది. అదీ కాదన్నాను. ఇందు నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తింది. కొట్టతను మళ్ళీ వస్తానని చెప్పి బండెక్కాడు. తుక్కునట! తుక్కు ఇంత గట్టిగా కాదనగలదా?

అన్నాల దగ్గర సుగుణ అందరికీ వడ్డించింది. భూషణం గారి కంచంలో పప్పు మీద నెయ్యి కూడా వేసింది. అప్పుడు, ఉప్పు సరిపోయిందా అని అడిగేంత మామూలుగా చెప్పింది.

“మీరు కొత్తది కొనుక్కోండి. నేనేం వద్దనను. ఇది మాత్రం ఎక్కడికీ వెళ్ళదు. రేపు పొద్దున దీన్ని ముందు గదిలో వేయిస్తున్నాను. టీవీ లోపలికొస్తుంది. మగ్గం వాళ్ళు ఇకనుంచి వీధి గుమ్మంలోంచే వస్తారు, అత్తయ్యా. వచ్చినవాళ్ళని కూర్చోమనండి.”