ఓబుళమ్మ రాసిన సున్నా

నేను ఒక గాజు కొలజాడీని. జానెడు ఎత్తు ఉంటాను. ఒంటి మీద సన్నటి గీతలు, వాటి పక్కన అంకెలు. వాన నీళ్లు నాలో పోస్తే ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో చెబుతాను. అంతకు మించి నాకు ఏ విద్యా రాదు.

ఒక గాజు కార్ఖానాలో, నీలి మంట ముందు, నాతోపాటు నలభై మంది పుట్టారు. మమ్మల్ని కొన్నది ప్రభుత్వ అంతరిక్ష సంస్థ. అది విని మేమంతా రాకెట్టు ఎక్కుతామనుకున్నాం. ఎక్కేది మేము కాదు, ఒక ఉపగ్రహం. అది అప్పటికే పైకి వెళ్లిపోయి, మబ్బుల్ని చూసి ఎక్కడ ఎంత వాన పడిందో అంచనా వేస్తోంది. ఒక సమావేశంలో ఎవరో పెద్దాయన, "ఆ వాన నేల మీద పడిందో లేదో ఎవరైనా చూశారా?" అని అడిగాడట. ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా మమ్మల్ని తెప్పించారు. ఉపగ్రహానికి అనుమతి ఇచ్చినవాళ్లే మా విషయంలో పదకొండు నెలలు ఆలోచించారు. గాజువి కదా, పగిలితే బాధ్యత ఎవరిదని.

చివరికి నాకు ఇరవై ఏడో నంబరు అంటించి, గడ్డిలో చుట్టి, అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దు దగ్గరున్న రాళ్లకుంట అనే ఊరి బడికి పంపారు. బడి ఆవరణలో ముళ్లకంచె వేసి వర్షమాపకం పాతారు. అదొక రేకు డబ్బా. లోపల గరాటు, దాని కింద సీసా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్లు నాలో పోసి, అంకె చూసి, పుస్తకంలో రాయాలి. నేర్పడానికి వచ్చిన ఉద్యోగి ఒక మాట గట్టిగా చెప్పి వెళ్లాడు. "వాన లేకపోతే సున్నా రాయండి. ఖాళీగా వదలొద్దు. ఖాళీ అంటే ఎవరూ చూడలేదని. సున్నా అంటే చూశారని, వాన లేదని."

ఆ పని ప్రధానోపాధ్యాయుడు తిప్పేస్వామి సారు చేతి నుంచి చిన్న సార్లకు, వాళ్ల చేతి నుంచి మధ్యాహ్న భోజనం వండే ఓబుళమ్మకు జారింది. అందరికంటే ముందు బడికి వచ్చేది ఆమే. అయిదో తరగతి చదివింది. బియ్యం కొలిచి కొలిచి ఆ చేతికి తూకం తెలుసు. నన్ను కొంగుతో తుడిచి, కంటికి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూసేది. ఆదివారాలు కూడా వచ్చేది.

ఆ ఏడు శ్రావణంలో వేరుశనగ పూత మీద ఉంది. రోజూ సాయంత్రం మబ్బు కమ్మేది, ఊరంతా చీకటయ్యేది, మబ్బు తూర్పుకు వెళ్లిపోయేది. ఓబుళమ్మ పొద్దున్నే సీసా వంచేది. చుక్క ఉండేది కాదు. సున్నా రాసేది. అలా వరసగా ఇరవై మూడు సున్నాలు.

అప్పుడు సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఉపగ్రహం లెక్కతో మీ వర్షమాపక కేంద్రం లెక్క కలవడం లేదు, పన్నెండో తేదీన ఒక్కరోజే అరవై మిల్లీమీటర్లకు పైగా పడినట్టు ఉంది, సరైన కారణం చెప్పకపోతే నెలాఖరుకు కేంద్రాన్ని మూసేస్తాం అని. సంస్థ పటంలో మా మండలం వాన బాగా పడినట్టు నీలంగా ఉంది. కరువు మండలాల జాబితా తయారయ్యేది ఆ పటం చూసే. నీలం రంగు పడ్డ ఊరికి కరువు సాయం రాదు.

తిప్పేస్వామి సారు చెడ్డవాడు కాదు. పై నుంచి కాగితం వస్తే మాత్రం ఆయనకు చెమటలు పడతాయి. వంటపొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఓబుళమ్మా, పక్కూరి బడి లెక్క అచ్చంగా కలిసిందంట. మనదొక్కటే తేడా. పన్నెండో తేదీన ఒక అరవై వేసెయ్, పీడ పోతాది."

"యాడ పడింది సార్ అరవై? మీ నెత్తిన పడిందా, నా నెత్తిన పడిందా?"

"ఆకాశంలోంచి చూసినారంట మే. కోట్లు పెట్టి పంపినారు దాన్ని."

"పైనుంచి చూస్తే మబ్బు కనపడతాది. కింద పడిందో లేదో ఈ గలాసుకే తెలుస్తాది. అరవై అంటే దీన్ని మూడుసార్లు నింపి ఒంపల్ల. ఒక్కసారన్నా తడిసిండాదా ఇది?"

"మూసేస్తారు మే కేంద్రాన్ని!"

"మూసేస్తే మూసేయనీ సార్. పడని వాన రాసి, రేపు ఊళ్లోవాళ్లకు నా మొగమెట్ల చూపించేది?"

ఆ నెల పుస్తకం మీద సారు సంతకం పెట్టలేదు. ఓబుళమ్మ ఒక పోస్టుకార్డు కొని, పెద్ద పెద్ద అక్షరాలతో తనే సంస్థకు రాసింది. "వాన పడలేదు. వచ్చి చూడండి."

వారానికి జీపు వచ్చింది. దిగినావిడ పేరు హైమవతి. ఆ పథకం నడిపే శాస్త్రవేత్త. రేకు డబ్బా కారుతోందనో, నా గీతలు తప్పనో అనుకుంటూ వచ్చింది. కొలిచి తెచ్చిన నీళ్లు గరాటులో పోసింది. సీసాలోంచి నాలోకి ఒంపింది. సరిగ్గా గీత మీద నిలబడ్డాను. మళ్లీ పోసింది. మళ్లీ నిలబడ్డాను. అబద్ధం చెప్పే వీలు నా ఒంట్లోనే లేదు.

"పన్నెండో తేదీ మబ్బు ఎలా ఉందమ్మా?" అని అడిగింది.

"నల్లగా వచ్చింది మేడమ్. పైన వాన తెరలు తెరలుగా కారతానే ఉండింది, కండ్లారా చూసినా. నేలకు రాకముందే వేడిగాలి తాగేసింది."

హైమవతి రాస్తున్న కలం ఆపేసింది. ఉపగ్రహానికి మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో తెలుస్తుంది. కింద ఏం జరిగిందో తెలియదు. ఏడాదిగా కంప్యూటర్లో వెతుకుతున్న తప్పు, పొయ్యి ముందు కూర్చున్న మనిషి నోట వినిపించింది.

నేను తిరిగొచ్చేదాకా వాడమని తన కొలపాత్రను ఓబుళమ్మకిచ్చి, నన్ను సంచిలో పెట్టుకుని ఆమె నేరుగా పక్కూరి బడికి వెళ్లింది. అక్కడి పుస్తకంలో పన్నెండో తేదీన అరవై ఒకటి పాయింట్ మూడు ఏడు అని ఉంది. అంత సన్నటి లెక్క మా గీతల్లో ఎవరికీ దొరకదు.

"మీ కొలజాడీ చూపించండి" అంది.

అక్కడి సారు బీరువా తెరిచి, టేపు కూడా విప్పని పెట్టె తెచ్చాడు. గడ్డిలో పడుకుని ఉంది నా తోబుట్టువు, ఇరవై ఎనిమిదో నంబరు. పుట్టాక ఒక్క చుక్క ఎరగదు.

"పగులుతాదేమోనని భద్రంగా పెట్టినాం మేడమ్."

"మరి ఈ అంకెలు?"

"మీ వెబ్‌సైట్లో ఉంటాయి గదా మేడమ్. మీవి మీకే పంపినాం. తేడా వస్తే ఉత్తరాలు రాస్తారని."

మరుసటి నెలలో సమీక్ష. పథకాన్ని ఇంకో అయిదేళ్లు నడపాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. ముందురోజు విభాగాధిపతి హైమవతిని పిలిచాడు. "ఉపగ్రహం లెక్క నేల మీది లెక్కతో తొంభై రెండు శాతం కలిసిందని పత్రికలకు చెప్పేశామమ్మా. ఆ ఒక్క ఊరిని ఇప్పటికి పక్కన పెట్టు. డబ్బు రానీ, తర్వాత సరిచేద్దాం." సంచి ఆమె ఒళ్లో ఉంది. ఆమె వేళ్లు నన్ను గట్టిగా పట్టుకోవడం నాకు తెలిసింది.

మర్నాడు పెద్ద బల్ల మీద నన్నూ నా తోబుట్టువు పెట్టెనూ పక్కపక్కన పెట్టింది.

"సార్, ఇది నిజంగా కొలిచింది. ఇది పెట్టెలోంచి బయటికే రాలేదు. మన తొంభై రెండు శాతంలో ఇలాంటి పెట్టెలు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు."

మొదట్లో ఆ ప్రశ్న అడిగిన పెద్దాయన, హైమవతి తెచ్చిన ఓబుళమ్మ కార్డు అందుకుని, అద్దాలు సవరించుకుని చదివాడు. "ఈమె రమ్మంది, నువ్వు వెళ్లావు. ఇప్పుడేం కావాలి?"

"ప్రతి కేంద్రానికీ వెళ్లి చూడాలి సార్. ఆ తప్పు సరిదిద్దాలి."

అయిదేళ్లు అడగడానికి వచ్చిన పథకానికి ఒక్క ఏడాది దక్కింది. హైమవతి దానికే తల ఊపింది.

జిల్లాలోని కేంద్రాలు చూసి వచ్చాక, పత్రికలకు పంపే ప్రకటనలో ప్రచార విభాగం వాళ్లు 'సాంకేతిక సవరణ' అని రాశారు. ఆమె అది కొట్టేసి, తెలుగులో తనే రాసింది. 'ఆగస్టులో మేము వాన పడిందని చూపిన ఏడు మండలాల్లో వాన పడలేదు. పొరపాటు మాదే.' అది జిల్లా పేజీలో ఒక మూల, చీరల ప్రకటన కింద అచ్చయింది. మూలనైనా చదవాల్సినవాళ్లు చదివారు. కరువు మండలాల రెండో జాబితాలో మా మండలం పేరు చేరింది.

నన్ను సంస్థ ప్రదర్శనశాలలో, రాకెట్టు బొమ్మ పక్కన, అద్దాల పెట్టెలో పెడదామన్నారు. నాకూ ఆశ కలిగింది, అబద్ధమెందుకు. హైమవతి ఒప్పుకోలేదు. "దానికి పొద్దున్నే ఎనిమిదిన్నరకు పని ఉంది" అంది.

జీపు కుదుపులకు అంచు కొద్దిగా చిట్లి ఊరు చేరాను. గీతలకేమీ కాలేదు. మర్నాడు ఓబుళమ్మ నన్ను కొంగుతో తుడిచి, చిట్లిన చోట వేలితో తడిమి, "నీకూ దెబ్బలు తప్పలేదా" అంది. సీసా నా మీద వంచింది. చుక్క రాలేదు. కంటికి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది. పుస్తకం తెరిచి గుండ్రంగా సున్నా చుట్టింది.

వెనకే వచ్చి నిలబడ్డ తిప్పేస్వామి సారు జేబులోంచి కలం తీశాడు. ఎవరూ అడగకుండానే, ఆ సున్నా పక్కన సంతకం పెట్టాడు.