పదహారు కిలోమీటర్ల మడత

ఆల్టరేషన్‌కు ఏ బట్ట వచ్చినా టైలరమ్మ ముందు జేబులు తడిమేది. సూది ఎక్కించడం తర్వాతి సంగతి. ఆ తడమడంలో బస్సు టిక్కెట్లు, తలనొప్పి మాత్రలు, ఒకసారి ఎవరిదో పెట్టుడుపన్ను కూడా దొరికాయి. ఆ పన్ను గలాయన వారం పాటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగాడు. వీధి వీధంతా నవ్వింది.

అది తుఫానుకు ముందు మాట. తుఫాను తీరంలోని చమురు ట్యాంకుల్ని నలిపేసి, రేవులో గొట్టాలన్నీ విరిచేసి పోయింది. బంకులో బండికి వారానికి లీటరే పోస్తున్నారు. ఊరంతటికీ పెట్రోలు మోసే ట్యాంకరు డ్రైవరు, అంటే టైలరమ్మ భర్త, తన బండిలో చుక్క డీజిల్ లేక తీరంలోనే చిక్కుకున్నాడు. "నడిచొచ్చేస్తున్నా. అమ్మ జాగ్రత్త" అని ఫోన్లో అన్నాడు. ఆ తర్వాత ఫోన్లు పనిచెయ్యలేదు.

అత్తగారికి కిడ్నీలు పాడై రెండేళ్లు. వారానికి రెండుసార్లు డయాలసిస్ జరగాల్సిందే, లేకపోతే ఒళ్లు వాచి ఊపిరాడదు. ఆస్పత్రి ఇరవై రెండు కిలోమీటర్లు. ఎదురింటి ఆటో అతను తన లీటరు డబ్బా తెచ్చి చూపించాడు.

"ఇదే నా ఆస్తి వదినా. వెళ్లడానికి బొటాబొటి. రావడం దేవుడెరుగు."

"నువ్వు బండి తియ్యి. దారి సంగతి నేను చూస్తా."

టైలరమ్మ లావు సూది, గోనెలు కుట్టే దారం తీసుకుని రోడ్డెక్కింది. వాళ్లమ్మకూ ఆ పని వచ్చు. ఇళ్లు లేని బీడు, మూతపడ్డ ఇటుక బట్టీ ఉన్న మేర చూసుకుని, ఆ చివరను ఈ చివరకు లాక్కొచ్చి, పదహారు కిలోమీటర్లు మడత పెట్టి కుట్టేసింది. బట్టీ మనుషులు ఎప్పుడో వెళ్లిపోయారు. భర్త ఎప్పటిలా కాలవ దారిన వస్తాడనుకుంది. ఆటోలో అత్తగారు అప్పటికే ఆయాసపడుతోంది. ఆ తొందరలో మడతను ఒక్కసారి తడిమి చూడలేదు.

ఆరు కిలోమీటర్ల ఆస్పత్రికి లీటరు రెండు రాకపోకలకు సరిపోయింది. కుట్టు దగ్గర బండి ఎగురుతోందని సణిగినవాళ్లూ లేకపోలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు ఆస్పత్రి వరండాలో బట్టీ వాచ్‌మన్ కాలికి కట్టుతో కనిపించాడు.

"మీ ఆయన ఇల్లు చేరాడా అమ్మా? పోయిన వారం ఇదే రోజు నన్నిక్కడికి తెస్తుంటే బట్టీ దగ్గర ఎదురొచ్చాడు. కాలవ దారి మునిగిందట. కాళ్లు బొబ్బలెక్కాయి, షెడ్డులో ఓ కునుకు తీసి వెళ్తానన్నాడు."

టైలరమ్మ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. మడత కుట్టింది ఆ రోజే. బట్టీలో బావి ఉంది గానీ గింజ దొరకదు.

తిరిగి వస్తూ కోడలి నోట సంగతి విన్న అత్తగారు, కుట్టు దాటగానే ఆటో ఆపించింది.

"విప్పు."

"విప్పితే మళ్లీ కుట్టలేనత్తయ్యా. ఒకసారి పోటు పడ్డ తారు రెండో కుట్టు పట్టదు, చిరిగిపోతుంది. రెండు రోజులాగితే ట్యాంకర్లు వస్తాయంటున్నారు..."

"పది రోజులుగా అదే అంటున్నారు. నీళ్లు తాగి వాడెన్నాళ్లుంటాడే?"

టైలరమ్మ ఆటో దిగింది గానీ సంచి తెరవలేదు. అత్తగారే కోడలి సంచిలోంచి బ్లేడు తీసుకుని, రోడ్డు మీద చతికిలబడి, ఒక్కో పోగూ కోసింది. చివరి పోగు దగ్గర చెయ్యి ఆపింది.

"నా కోసం వాడు లోపలున్నాడని, వాడి కోసం నేను ఇది కోశానని వాడికి తెలియకూడదు. తెలిస్తే వాడిక మనిషి కాడు. ఒట్టెయ్యి."

టైలరమ్మ ఏడుస్తూ ఒట్టేసింది. ఆటో అతను కూడా వేశాడు. ఇల్లు చేరాక పెద్దావిడ వీధిలో అందర్నీ పిలిచి ఒట్టు వేయించుకుంది. ఒక సంగతిని పూట కూడా దాచుకోలేని ఆ వీధి దీన్ని మాత్రం దాచుకుంది.

సాయంత్రానికి డ్రైవరు గోడలు పట్టుకుంటూ వచ్చాడు. ఎముకల గూడు. ఎంత నడిచినా బట్టీ దగ్గరికే వచ్చేవాణ్ణని, జ్వరంలో దారి తప్పానని చెప్పాడు. తల్లి తన చేత్తో అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఆమె అంత సంతోషంగా ఉండగా ఎవరూ ఎన్నడూ చూడలేదు.

నాలుగో రోజుకు ఆమె కాళ్లు వాచాయి. డ్రైవరు డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వచ్చాడు.

"ఆటోలో ఉన్నది ఆస్పత్రి దాకా రాదు, ఇంకెక్కడా చుక్క దొరకలేదు. దారి మడత పెట్టవే! నీ చేతిలో పనేగా?"

"దారం లేదండీ."

అతను అలమర తెరిచాడు. రీళ్లు నిండుగా ఉన్నాయి. ఒకటి తీసి ఆమె ఒళ్లో పడేశాడు. ఆమె సూది అందుకోలేదు. మంచం మీంచి పెద్దావిడ కోడలి వైపే చూస్తోంది.

ఆరో రోజు తెల్లవారుతుండగా పెద్దావిడ పోయింది. తొమ్మిదో రోజు ట్యాంకర్లు వచ్చాయి. డ్రైవరు మళ్లీ బండెక్కాడు. నెలనెలా జీతం తెచ్చి ఇంట్లో పెడతాడు, పిలిస్తే పలుకుతాడు. భార్య చేతి అన్నం మాత్రం ఆ తర్వాత ఎన్నడూ ముట్టలేదు.