నసారియో వదిలి వెళ్ళిన నీడ

నసారియో ఉర్కీదీ నిద్ర లేచేసరికి అతని నీడ అప్పటికే గోడ మీద కుడికీ ఎడమకీ దూకుతుండేది. పెనం మీద మొక్కజొన్న రొట్టెలు కాలుస్తున్న భార్య ఒబ్దూలియా కసిరేది. "దాన్ని పెరట్లోకి తోలవయ్యా. మళ్ళీ ఉప్పు డబ్బా తన్నింది."

సాంతా బ్రిహిదా అనే ఆ గనుల ఊళ్ళో అది రోజూ ఉండే గొడవే. నీడ ముందు దూకేది, మనిషి వెనక దూకేవాడు. ఆ జత పద్దెనిమిదేళ్ళు ఊరి ఫుట్‌బాల్ జట్టుకి గోలు కాసింది. కాయడమంటే మామూలు కాయడమా? మూడు రాష్ట్రాల ఫార్వర్డులు బూట్లు అమ్ముకుని మంగలి కొట్లు పెట్టుకున్నారు. ఒక వానాకాలం ఆటలో గోలు మీద పడబోయిన పిడుగుని గుండెలకి హత్తుకుని, మైదానం మధ్య గీత దాకా విసిరేశాడు. రిఫరీ ఆట ఆపనన్నా ఆపలేదు.

ముప్పై ఎనిమిదో ఏట కాంట్రాక్టు అయిపోయింది. సముద్రపు ఒడ్డునున్న టాంపీకో జట్టువాళ్ళు వచ్చి ఆడమని కబురు పెట్టారు. ఆడకపోతే ఇక గనే గతి. తండ్రి ఊపిరితిత్తుల్ని తిన్న గని.

"వెళ్ళు నాయనా, నిన్ను పట్టుకున్నదెవరు?" అన్నాడు జట్టు యజమాని డాన్ ఫుల్హెన్సియో, కారం అద్దిన మామిడి ముక్క నములుతూ. "కాకపోతే పెద్దమనుషుల మాట ఒకటుంది. యజమానులం ఒకరికొకరం ఇచ్చుకున్నాం. కాంట్రాక్టు అయిపోయినా సరే, పాత యజమానికి ఏదో ఒకటి ముట్టందే కొత్తవాడు ఆటగాణ్ణి తీసుకోడు."

"ముసలి కీపరుకి వాళ్ళు చిల్లి పెసో ఇవ్వరండీ డాన్."

"అయితే నీడ వదిలి వెళ్ళు. మా గడ్డి మీద పెరిగిందేగా."

నసారియో తన చేతులకేసి చూసుకున్నాడు. బంతి పట్టేది ఇవి, నీడదేముంది అనుకున్నాడు. మెక్సికో పుట్టాక అంత తప్పు లెక్క ఇంకెవడూ వెయ్యలేదు.

మిట్టమధ్యాహ్నం, నీడ చిన్నగా ఉన్న వేళ చూసి, మైదానం కాపరి పార అంచుతో పాదాల దగ్గర విడదీశాడు. రొట్టెలా మడిచి గుడ్డలో చుట్టాడు. "కనిపించినంత తేలిక కాదు సుమా," అని నడుం పట్టుకున్నాడు, అంతే. సాయంత్రానికల్లా దాన్ని యజమాని మేనల్లుడు రోహెలియో కాళ్ళకి కుట్టారు. విసిరిన నిమ్మకాయ పట్టలేని రోహెలియో వారం తిరిగేసరికి ఊరికి దేవుడు.

టాంపీకోలో నసారియో బంతి వలలో పడ్డాక దూకేవాడు. "తాతా, ఈసారి ముందు కబురు పెట్టి కొడతారులే," అని అరిచేవాళ్ళు గ్యాలరీలోంచి.

సీజను చివరి ఆట సాంతా బ్రిహిదాలో. ఆఖరి నిమిషంలో టాంపీకోకి పెనాల్టీ దొరికింది.

"నేను కొడతాను. ఆ నీడ నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?" అన్నాడు నసారియో.

కోచ్ బంతి చేతిలో పెట్టాడు. "గోలైతే ఇంకో ఏడాది ఉంటావు. కాకపోతే నీ దారి నీది."

కుడికి కొడదామనుకున్నాడు. నీడ కుడికి వంగింది. ఎడమ అనుకోబోయాడు. అనుకోకముందే అది ఎడమకి జరిగింది. ఇక ఏమీ అనుకోకూడదని కళ్ళు మూసుకుని తన్నాడు. నీడ ఎగిరింది, వెనకాలే రోహెలియోని గుడ్డపేలికలా ఈడ్చుకుంటూ. బంతి వచ్చి దాని గుండెల్లో ఒదిగింది.

ఊరంతా లేచి నిలబడింది. అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది ఒబ్దూలియా, పద్దెనిమిదేళ్ళ అలవాటు కొద్దీ.

"నన్ను తిట్టకు నసారియో," అన్నాడు రోహెలియో, దోక్కుపోయిన మోచేయి ఊదుకుంటూ. "నేను రెండో వైపు దూకుదామనుకున్నాను."

సోమవారం పొద్దున గని మేస్త్రీ నసారియోకి దీపం టోపీ ఇచ్చి, ఒకసారి అతని కాళ్ళ కిందికి చూశాడు.

"లోపల దాని అవసరం ఉండదులే మామా," అని లిఫ్టు తలుపు వేశాడు.