కడిగేసిన తొట్టి

పిండి తొట్టిని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టింది సైలా. హెల్సింకి దాటిన దగ్గర్నుంచి అటు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతోంది.

"చంటిదాన్ని తీసుకెళ్తున్నట్టుంది," అన్నాడు కారు నడుపుతున్న భర్త యార్కో.

"నువ్వు రోడ్డు చూడు."

"చూస్తున్నాలే. మీ అమ్మమ్మకి నిజం చెప్పేస్తే పోలా?"

"నడివేసవి పండగ పూటా? అందరి ముందూ? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అది అమ్మమ్మ తల్లి నాటి చెక్క తొట్టి. రై అనే ధాన్యపు రొట్టెకు పిండి కలిపాక దాన్ని ఎవరూ కడగరు. అంటుకున్న పిండిని గీకి, ఉప్పు చల్లి, ఆరబెడతారు. ఆ ఎండిన పొరలోనే పిండిని పులియబెట్టే తోడు ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు తగిలితే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. చేతుల్లో పట్టు తగ్గాక హెల్వి అమ్మమ్మ దాన్ని మనవరాళ్లందరిలో సైలాకే ఇచ్చింది. సైలా బాల్కనీలో పెట్టి మరిచిపోయింది. ఈ వసంతంలో ఇల్లు శుభ్రం చేస్తూ, ఆవిరి స్నానాల గది సౌనాలో నీళ్లకు పనికొస్తుందని పైన్ చెట్టు వాసనేసే సబ్బు పెట్టి తెల్లగా తోమేసింది. తోమడం అయ్యాక గానీ ఏం చేసిందో తట్టలేదు.

ఇంతలో పెద్దమ్మ రాకెల్ ఫోన్ చేసింది. "అమ్మ పండక్కి తనే రొట్టె చేస్తుందట. తొట్టి పట్టుకురా."

అందుకే సైలా దారిలో లహ్తి ఊరి దగ్గర ఒక బేకరీలో గిన్నెడు తోడు కొని, పెట్రోలు బంకు వెనక నిలబడి తొట్టి లోపలంతా చేత్తో పులిమింది. అది ఎండాలని కారులో హీటరు పెట్టించింది. జూన్ ఎండలో యార్కో చొక్కా తడిసి ముద్దయింది.

అమ్మమ్మ ఇంటి గుమ్మానికి అటూ ఇటూ పండగకని బర్చ్ చెట్టు కొమ్మలు కట్టి ఉన్నాయి. అమ్మమ్మ ముందు తొట్టిని ముద్దు పెట్టుకుంది, తర్వాత సైలాని. తొట్టి లోపల అరచేత్తో తడిమి, ఒక్క క్షణం ఆగి, నీళ్లు పోసి పిండి కలిపి గుడ్డ కప్పింది.

రాకెల్ సైలాని పక్కకు లాగింది. "అమ్మ చలికాలంలో పొయ్యి మీద గిన్నె మరిచిపోయింది. ఇల్లు అంటుకునేది. వృద్ధాశ్రమానికి పద అంటే నా మతికేం ఢోకా లేదంటుంది. సరే, ఈ రొట్టె తడబడకుండా చేస్తే ఇంకో ఏడాది నీ ఇంట్లోనే ఉండమన్నా."

సైలాకి ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

తెల్లారేసరికి పిండి బుడగలు కక్కుతూ పొంగింది. అమ్మమ్మ గుడ్డ తీసి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఇది నాది కాదు."

"నీది కాకపోతే ఎవరిదే అమ్మా?" అంది రాకెల్. "తొట్టి నీది. కలిపింది నువ్వు."

అమ్మమ్మ ఇంకోసారి వంగింది. నిటారుగా లేచేసరికి మొహంలో కళ లేదు. "అయితే నా ముక్కే పోయిందేమో. మతి కూడా పోతోందేమో."

రాకెల్ గొంతు మెత్తబడింది. "పోనీలే. వచ్చే వారం వెళ్లి ఆ చోటు ఊరికే చూసొద్దాం."

అమ్మమ్మ తలూపింది. నడుముకు కట్టుకున్న ఏప్రన్ ముడి విప్పుకోసాగింది. సైలా కప్పులో కాఫీ కలుపుతూనే ఉంది. చక్కెర వేయలేదని కూడా గుర్తు లేదు. కప్పు అక్కడే పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది.

సౌనాకి కట్టెలు కొడుతున్న యార్కో గొడ్డలి దించాడు. "చెప్పావా?"

ఆమె వంగి, కొట్టిన కట్టె ఒకటి తీసి పేర్పు మీద పెట్టింది.

"సైలా, చెప్పావా?"

సైలా ఇంట్లోకి తిరిగి వచ్చేసరికి అమ్మమ్మ ఏప్రన్ మడతపెట్టి, ఇక పనిలేదన్నట్టు బల్ల మీద పెట్టేసింది.

"అమ్మమ్మా, నీ ముక్కుకేం కాలేదు. తొట్టి నేను కడిగేశాను. ఆ తోడు దారిలో కొన్నది."

"కడిగావా? సబ్బుతోనా?" అంది రాకెల్, గుండె మీద చెయ్యేసుకుని.

"పైన్ సబ్బుతో."

"అనుకున్నా!" అమ్మమ్మ బల్ల మీద గుద్దింది. "నిన్న చెయ్యి పెట్టగానే వచ్చింది ఆ వాసన. సౌనా నుంచి వస్తోందని సరిపెట్టుకున్నా. రాకెల్, విన్నావుటే?"

"విన్నానమ్మా. ఒప్పుకున్నా. ఏడాది."

అమ్మమ్మ మళ్లీ ఏప్రన్ కట్టుకుంది. సైలా ముడి వేయబోతే చెయ్యి తోసేసింది.

"పండక్కి దీంతోనే చేద్దాం. పిండేం పాపం చేసింది?" అని, తొట్టి అంచు నిమురుతూ ఆగింది. "మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న తోడు అది."

అలమారలోంచి ఒక ఖాళీ గిన్నె తీసి సైలా చేతిలో పెట్టింది.

"సరస్సు అవతల ఉండే నా స్నేహితురాలు సనెల్మాకి దాని పెళ్లప్పుడు ఆ తోడే కొంచెం ఇచ్చాను. తొట్టి కడిగే మనిషి కాదది. వెళ్లి అడిగిరా."

"యార్కోని కారు తీయమంటా."

"వాడెందుకు? పడవుంది. నువ్వొక్కదానివే వెళ్లు. ఎందుకు కావాలని అడుగుతుంది. అంతా చెప్పు. సగం మింగకు."

సైలా గిన్నె ఒళ్లో పెట్టుకుని తెడ్లు వేసింది. అవతలి ఒడ్డున ఊరంతా చేరి సాయంత్రం వేసే పండగ మంటకు దుంగలు పేరుస్తోంది. పడవ దగ్గరపడేకొద్దీ ఒక్కొక్కరే పని ఆపి చూడసాగారు. వాళ్ల మధ్య నుంచి తలగుడ్డ కట్టుకున్న ఒక ముసలామె, సనెల్మాయే కాబోలు, నీటి అంచుకు వచ్చింది.

"ఎవరి పిల్లవమ్మా?"

"హెల్వి మనవరాల్నండి."

"తొట్టి ఇచ్చింది నీకేనా?" ముసలామె మొహం విప్పారింది. వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా అరిచింది. "ఇదిగో, హెల్వి తొట్టి ఈ పిల్ల దగ్గరే ఉంది! చెప్పమ్మా, ఏం కావాలి?"

ఖాళీ గిన్నెను వెనక్కి దాచుకోబోయి, సైలా ఆగింది. రెండు చేతులతో ముందుకు చాచింది.